గుండెకు త్రవ్విన క్రొత్తకాలువ: అనంతపురపు మెట్టసీమలో నొకనాటి ప్రయాణము

యాత్ర యనగానే మనవారికి కాశీయో, రామేశ్వరమో, తిరుమలయో స్ఫురించును. ఈ వైశాఖమాసమున మేము చేసిన ప్రయాణ మట్టిది కాదు. అనంతపురమునుండి పుట్టపర్తివఱకు సుమారు 80 కిలోమీటర్ల దారి. ఉదయమున పోయి సాయంకాలమునకు తిరిగివచ్చిన పయనము. మాతోడ వచ్చినది మా పెద్దవదినెగారు. ఆమెకు గుండెపై శస్త్రచికిత్స, అనగా నేడందఱును బైపాస్ అని పిలుచు చికిత్స, జరిగి యప్పటికి 7 వారము లైనది. ఆమె కోలుకొనుచున్నదని మేము సంతసించుచుండగా, ఒకనాటి రాత్రి మా మేనల్లుడు ఫోను చేసెను. "అత్తా, అమ్మ బిందె ఎత్తింది. ఎదలో ఏదో టక్కుమన్నదంట" అనెను. ఆ మాట విన్నపిమ్మట మాకు నిద్ర పట్టలేదు. కోడికూయు వేళకే కారులో బయలుదేరితిమి.

పట్టణము దాటగానే దారి కిరువైపుల ఎఱ్ఱనేలలు, వాని నడుమ గుండ్లు పేర్చినట్లున్న గుట్టలు, అక్కడక్కడ నొక వేపచెట్టు, ఒక చింతచెట్టు. దుక్కి ముగించి తొలకరికై వేచియున్న చేలు. ఇక్కడ మెట్టపై రనిన మొదట వేరుసెనగయే. ఈ సీమవారు దానిని బుడ్డలందురు. ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి మేఘములు పడమటి కనుమలపై తమ నీటిని క్రుమ్మరించి తేలికయై యిటు వచ్చును. ఈశాన్యపు మేఘములు తూర్పుతీరమున కురిసి యలసి గాని యింతదూరము రావు. ఆ రెండుగాలుల నడుమ నీ పీఠభూమి దప్పికతో నుండును. ఇట్టి సీమలో నీరు మోయుట ఆడువారి పని. అది పుట్టినింట మొదలై మెట్టినింటను ముగియదు. మా వదినెగారి కథకు మూల మదియే.

అయినను ఈ సీమవారు నీటి విషయమున చేతులు ముడుచుకొని కూర్చుండినవారు కారు. అనంతపురము ప్రక్కన పండమేరు వాగున కడ్డముగా విజయనగర ప్రభువు బుక్కరాయల కాలమున, 14వ శతాబ్దమున, పెద్దచెఱువు కట్టిరి. కట్ట కొక కొనయందు బుక్కరాయసముద్రము, రెండవ కొనయందు అనంతసాగరము వెలసెను. ఆ అనంతసాగరమే నేటి అనంతపురము. చెఱువు, తూము, కాలువ, పూడిక యను మాటలు తెలియని బిడ్డ యీ ప్రాంతమున లేదు. గుండెజబ్బును గూర్చి మా వదినెగారికి తెలియజెప్పుటకు ఆ నాలుగుమాటలే మాకు చాలినవి.

ధర్మవరమున కీవల నున్న వారి పల్లెకు పోవునప్పటికి ఎండ మొదలైనది. వదినెగారు అరుగుమీద గోడకు చేరగిలబడి, తలగడను రొమ్మునకు హత్తుకొని కూర్చుండిరి. దగ్గు వచ్చినప్పుడు తలగడను అదిమిపట్టవలెనని ఆసుపత్రిలో నేర్పిరి. "ఏమి వదినా, బిందె యెత్తితివట!" యని యడిగితిమి.

"ఎత్తక ఏం చేసేది పాపా? రెండు దినాలు కొళాయి రాలేదు. కోడలు పురిటికి పుట్టింటికి పోయింది. మగోళ్లు కడవ మోస్తే ఊరు నవ్వదా?" అనిరి. మా అన్నగారు తలవంచుకొని నిలుచుండిరి. మేమును పలుకలేదు. పలికినచో కోపమే పలుకునని యెఱుగుదుము.

ఆమె జబ్బు బయటపడిన విధమును గూడ చెప్పవలెను. అంతకుముం దాఱునెలలనుండి ఆమెకు నాలుగడుగులు వేయగానే ఆయాసము, వీపున నొప్పి, దవడ లాగుట, ఏ పనియు చేయలేని నీరసము. చూపించుకొన్న వైద్యు డొకడు వాయువని మాత్రలిచ్చెను. మేమును వయసుచేత వచ్చినదనుకొంటిమి. రొమ్మున బండపెట్టినట్లు నొప్పి వచ్చుట మగవారిలోను ఆడువారిలోను గలదే కాని, ఆడువారిలో ఆయాసము, వీపునొప్పి, దవడనొప్పి, వాంతి వచ్చునట్లుండుట, కారణములేని యలసట యనునవి కూడ తఱచుగా గుండెజబ్బుగుర్తులై యుండును. ముట్లుడిగినపిమ్మట ఈ ప్రమాదము పెరుగును. చక్కెరవ్యాధి యున్నచో మఱింత. ఇంటిల్లిపాదికి వండి వడ్డించి, మిగిలినది తిని, తన నొప్పిని మాత్రము రేపు చూతమనుకొను గృహిణియే ఈ జబ్బునకు సులభముగ లోబడును.

ధర్మవరము దాటితిమి. పట్టుచీరెల మగ్గముల చప్పుడు కొన్ని సందులలో వినవచ్చుచుండెను. వదినెగారు కన్నులు మూసికొనియే "నా గుండె మల్లీ చెడిపోయిందా పాపా?" యని యడిగిరి. మే మిట్లంటిమి: "వదినా! గుండె యొక చెఱువు కాదు, తానే నీరు తోడు యంత్రము. దానికిగూడ దాహముండును. ఆ దాహము తీర్చు సన్నని కాలువలు మూడు గలవు. వానిలో క్రొవ్వు పూడికవలె చేరి నీ కాలువలు మూసికొనెను. వైద్యులు పూడికను తీయలేదు. పూడినచోటికి ఈవల నొకగండి, ఆవల నొకగండి పెట్టి, కాలినుండియు రొమ్ములోపలినుండియు తీసిన నాళములతో క్రొత్తకాలువ వేసిరి. గుండెను చేరుటకై రొమ్మెముకను నిలువున కోసి, మరల ఉక్కుతీగెలతో కుట్టిరి. ఆ యెముక అతుకుకొనుటకు 6 మొదలు 12 వారములు పట్టును. అంతవఱకు 4, 5 కిలోలకు మించిన బరువు ఎత్తరాదు. నీ వెత్తిన బిందెలో 15 లీటర్ల నీరు. అనగా 15 కిలోలు."

ఆమె వేళ్లపై లెక్కించుకొని, "నా మనవడు పుడితే ఎత్తుకోకూడదా?" యని యడిగిరి. ఆ ప్రశ్నకు మాకు కన్నీరు వచ్చెను. "కూర్చుండి యొడిలో పెట్టుకొనవచ్చును, ఎముక అతికినపిమ్మట ఎత్తుకొనవచ్చును" అంటిమి.

ఈ చికిత్సను గూర్చి తెలిసికొనదగిన సంగతి యొకటి గలదు. కాలిసిరతో గుండెకు క్రొత్తదారి వేయు పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున నిలబెట్టినవాడు రెనే ఫవలోరో యను అర్జెంటీనా దేశపు వైద్యుడు. అంతకు పూర్వ మాతడు సుమారు 12 సంవత్సరములు తన దేశమున లా పంపా యను మైదానసీమలో నొక మాఱుమూలపల్లెయందు వైద్యము చేసెను. మనదేశమున తొలి బైపాసును 1975లో మదరాసులోని పెరంబూరు రైల్వే ఆసుపత్రియందు డాక్టరు కె. ఎం. చెరియన్ చేసెను. పల్లెవైద్యము చేసినవాని చేతిపని మా పల్లెకు కూడ వచ్చి చేరినదని తలచినపుడు లోకము చిన్నదిగా తోచును.

కొత్తచెఱువు దాటి బుక్కపట్టణము చెఱువుకట్టకడ కారు నాపి, వదినెగారికి కొంచెము మజ్జిగ నిచ్చితిమి. వైశాఖమగుటచే చెఱువున నడుమ మాత్రమే నీరు మెఱయుచుండెను. మిగిలినదంతయు నెఱ్ఱెలు వాఱిన మన్ను. కొంగలు నాలుగు నిలుచుండెను. వదినెగారు కట్టనుచూచి, "చిన్నప్పుడు దీనిమీద పరుగెత్తినాను" అనిరి. ఇంకేమియు ననలేదు.

పుట్టపర్తి చిత్రావతీనది యొడ్డున నున్నది. 2022 ఏప్రిలు 4వ తేదీవఱకు అనంతపురము జిల్లాలోనిదై, నాటినుండి శ్రీ సత్యసాయి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఊరికి వెలుపల ప్రశాంతిగ్రామమున శ్రీ సత్యసాయి ఉన్నత వైద్యవిజ్ఞాన సంస్థ యను ఆసుపత్రి గలదు. 1991 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి పి. వి. నరసింహారావుగారు దానిని ప్రారంభించిరి. ఆంగ్లదేశీయుడగు కీత్ క్రిచ్‌లో రూపకల్పన చేసెను. నడుమ నొక గుమ్మటము, ఇరువైపుల రెక్కలవలె సాగిన శాలలు. ఎఱ్ఱని యెడారివంటి నేలపై నొక పెద్దపక్షి వాలినట్లుండును. ఇచ్చట గుండెశస్త్రచికిత్సకు రుసుము పుచ్చుకొనరు. అంతటి చికిత్సను సొమ్ము పెట్టి చేయించుకొనవలసిన కుటుంబములు పొలమమ్మియో, అప్పుచేసియో చేయించును గదా! ప్రభుత్వమువారి ఆరోగ్యశ్రీ పథకము కూడ 2007 ఏప్రిలు 1న తొలుత అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలోనే మొదలైనది. కఱవుసీమలకే మొదట ఆ చేయూత యందించుట యుచితముగ నుండెను.

వైద్యురాలు వదినెగారి రొమ్ముపై చేయి వేసి దగ్గుమనెను, చిత్రము తీయించెను. మేము ఊపిరి బిగబట్టి కూర్చుంటిమి. కొంతసేపటికి ఆమె వచ్చి, ఎముక విడలేదనియు, తీగెలు సరిగా నున్నవనియు, కండరము బెణికినదనియు చెప్పెను. పిమ్మట వదినెగారినిగాక మా మేనల్లుని చూచి, "ఇంట్లో నీళ్లు ఎవరు తెస్తారు?" అని యడిగెను. అతడు మొగము తగ్గించుకొని, "ఇకమీద నేనే తెస్తాను" అనెను. ఆ దినమున పుచ్చుకొన్న మందులలో నిదియే గొప్పమందని మాకు తోచినది.

ఆమె చెప్పిన మాటలలో సోదరీమణులకు పనికివచ్చునవి వ్రాయుచున్నాము. గాయము ఎఱ్ఱబాఱి చీము కాఱినను, జ్వరము వచ్చినను, రొమ్మెముక కదలినట్లు చప్పుడైనను, ఆయాసము హెచ్చినను, పాదములు వాచి బరువు రెండుమూడు దినములలో కిలోకు మించి పెరిగినను జాగుచేయరాదు. రొమ్మునొప్పి తగ్గకున్నచో 108కి ఫోను చేయవలెను. నెత్తురు గడ్డకట్టకుండ నిచ్చు మాత్రను, క్రొవ్వు తగ్గించు మాత్రను, బాగైనదిగదా యని మానరాదు. క్రొత్తకాలువ వేసినంతమాత్రమున పూడిక పుట్టుట ఆగదు. కాలినుండి తీసిన నాళములు కొన్నియేండ్లకు మరల పూడుకొనవచ్చును. రొమ్ములోపలి ధమని ఎక్కువకాలము నిలుచును. మందు, మితాహారము, నడక యనునవే ఆ కాలువలకు ఏటేట చేయు మరామతు. ఇంట చుట్ట, బీడి కాల్చువారున్నచో ఆ పొగ వీరికిని విషమే.

ఆహారమున మా సీమ రాగిసంగటి, కొఱ్ఱన్నము, పప్పు, ఆకుకూరలు మేలైనవి. చిక్కంతయు ఉప్పుతోనే. దినమునకు మనిషికి 5 గ్రాములు, అనగా ఒక చిన్నచెంచాడు, మించరాదు. ఊరగాయ, అప్పడము, వడియము, ఊరుబిండిలో వేసిన ఉప్పు అన్నియు ఆ లెక్కలోనివే. వేసవిలో మూత్రము జారీచేయు మాత్రలు, రక్తపుపోటు మాత్రలు వేసికొనువారు ఎండలో తిరిగినచో తల తిరిగి పడుదురు. ఎంత నీరు త్రాగవలెనో వైద్యుని యడిగి యంత త్రాగవలెను. నడక తెల్లవాఱుజామున, చల్లనివేళ. మొదట 5, 10 నిమిషములు, క్రమముగా అరగంట. నడుచుచు మాటలాడగలిగినంత వేగమే తగినది.

ఇంకొకటి. ఈ చికిత్స జరిగినవారికి కొన్నివారములు ఊరక ఏడుపు వచ్చును, నిద్ర పట్టదు, తాను పనికిరానిదాననైతినను దిగులు పుట్టును. అది బలహీనత కాదు, అనేకులకు కలుగునదే. నెలలు గడచినను వదలకున్నచో అదియు వైద్యునికి చెప్పవలసిన జబ్బే. మా వదినెగారు బిందె ఎత్తుటకు కారణము దప్పిక యొక్కటే కాదని తిరుగుదారిలో మాకు తెలిసినది. "మూల కూర్చోబెట్టి పెడితే ఎట్ల తినేది పాపా?" అనిరి. తన చేతిపనిచేతనే తన బ్రతుకునకు విలువయని నమ్మినవారికి విశ్రాంతి శిక్షవలె నుండును. ఇంటివారు మందులు తెచ్చిన చాలదు. కూర్చుండి చేయదగిన పని నొకటి గౌరవముతో చేతికీయవలెను. నాటినుండి ఇంటి పద్దులు, పాలలెక్క, బుడ్డలు ఒలుచుకూలీల లెక్క వదినెగారి వైనవి.

నీటి సంగతియు చెప్పి ముగింతుము. 1995 ప్రాంతమున సత్యసాయి త్రాగునీటి పథకముచే అనంతపురము జిల్లాలో 700లకు మించిన గ్రామములకు నీరందెను. అట్టి కొళాయిలు ఎంతమంది ఆడువారి నడుములను, గుండెలను కాపాడినవో లెక్కింపలేము. కాని యే కొళాయియైనను ఒక్కొక్కనాడు రాదు. ఆనాడు బిందె యెవరు మోయవలెనను ప్రశ్నకు ఇంటివారే జవాబు చెప్పవలెను. మా మేనల్లుడు సైకిలునకు రెండువైపుల బిందెలు కట్టుకొని పోవుచుండగా మొదటివారము ఊరు నవ్విన మాట నిజమే. రెండవవారము మఱి యిద్దఱు మగవారు అట్లే కట్టుకొనిరి.

నాలుగవనెలలో మరల పరీక్షకు పోవుచు బుక్కపట్టణమున కారు నాపించినది వదినెగారే. తొలకరి పడి చెఱువున కొంత నీరు చేరియుండెను. ఆమె మా చేయి పట్టుకొనక కట్టమీద నడచిరి. నడుమ రెండుమార్లు నిలిచి ఊపిరి తీసికొని మరల నడచిరి. మేము వెనుక నడచుచు ఆమె అడుగులు లెక్కించితిమి. 200 దాటినపిమ్మట లెక్క మఱచితిమి. సోదరీమణులారా! మీ యింట నెవరైన నట్టి నడకకు సిద్ధపడుచున్నచో, వారి బిందెను మీరందుకొనుడు. కట్టపై నడక వారికి విడువుడు.