అర్ధరాత్రి గజేంద్రమోక్షం

మా నాన్నగారు బతికున్నన్నాళ్ళూ ఒకరిని అర్ధరాత్రివేళ నిద్రలేపి ఎరుగరు. పోయిన ఆరేళ్ళకు ఆ పని చేశారు. చేశారని ఆయన మీదికి నెట్టడం అన్యాయం. చేయించింది నేను. అదెలాగో చెబుతాను.

ఆయన హైస్కూలులో తెలుగు పండితులు. తెల్లవారుజామున అయిదు కొట్టేసరికి లేచి, పడకకుర్చీ అరుగు మీదికి లాక్కుని, పోతనగారి పద్యాలు పైకి చదువుకునేవారు. మా వీధిలో పాలు పోసేవాళ్ళు ఆ గొంతు విని వేళ తెలుసుకునేవారంటే నమ్మండి. 1988లో మా బాబాయి ఒక టేప్‌రికార్డరు తెచ్చిస్తే, ఆ వేసవి సెలవుల్లో కూర్చుని పంతొమ్మిది కాసెట్లు నింపారు. ఎవరో వింటారని కాదు. "నా నోరు ఎక్కడ జారుతున్నదో నాకు తెలియవద్దూ?" అనేవారు.

2017లో ఆయన పోయారు. మరి రెండేళ్ళకు నీటికాసుల జబ్బుతో అమ్మకు చూపు పోయింది. చూపు లేనివారికి రాత్రీ పగలూ ఒకటే అని మనం తేలిగ్గా అనేస్తాం. వారికి ఒకటి కాదు. ఏది ఏదో తెలియదు, అదీ బాధ. "తెల్లారిందా అమ్మాయీ?" అని అమ్మ రాత్రి మూడేసిసార్లు అడిగేది. మా ఆవిడ మూడుసార్లూ లేచి జవాబు చెప్పేది.

2020లో కళాశాలలు మూతపడి అందరం ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ కాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించాను. హైదరాబాదులో ఇంజనీరుగా ఉన్న మా మేనల్లుడు అది విని, "మావయ్యా, చిన్న బోర్డు ఒకటి కొను. రోజూ అయిదింటికి దానంతట అదే తాతయ్య గొంతు వినిపిస్తుంది. అమ్మమ్మ ఎవరినీ అడగక్కర్లేదు" అన్నాడు. నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. ఇంట్లో ఫ్యూజు పోతే పక్కింటాయన్ని పిలిచే రకం. అయినా అమ్మ పేరు చెప్పాడు గదా, కాదనలేకపోయాను.

దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండులో పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పడానికని మొదలుపెట్టి, 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి పెట్టారు. పేకముక్కంత పలక మీద కంప్యూటరు మొత్తం ఇమిడి ఉంటుంది. మొదట దాని ధర 35 డాలర్లు. నేను కొన్నది అందులో మూడో తరానిది. దానికి నడిపే తంత్రం లైనక్సు. ఆ లైనక్సులో నడిమి భాగాన్ని కెర్నెల్ అంటారు. కెర్నెల్ అనగా గింజలోని పప్పు. ఎవరు పెట్టారో గాని మంచి పేరు. పైన మనకు కనబడేదంతా తొక్కే.

మూడేళ్ళపాటు ఆ పెట్టె వేళ తప్పలేదు. అయిదింటికి నాన్నగారు గొంతు సవరించుకునేవారు, అమ్మ లేచి కూర్చునేది. మా ఆవిడకు రాత్రులు నిద్ర దక్కింది. నాకు ఇంట్లో కొంత గౌరవం కూడా దక్కింది.

మాది బాపట్ల దగ్గర. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను అక్కడే తీరం దాటింది. ఆ మంగళవారం తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా కరెంటు పోయింది. ఇంటర్నెట్ తీగ ఎక్కడ తెగిందో అదీ పోయింది. పగలంతా తలుపులు బిడాయించుకుని కూర్చున్నాం. రాత్రి పదకొండుముప్పావుకు దీపాలు వెలిగాయి. అలసిపోయి ఉన్నామేమో, వెలిగినట్టు చూసి, ఆర్పేసి, పడుకున్నాం.

మళ్ళీ నేను లేచింది పెరట్లో చెంబు చప్పుడుకు. గోడ గడియారం ఒంటిగంటా నలభై చూపిస్తున్నది. లోపల పెట్టెలోంచి నాన్నగారు గజేంద్రమోక్షం చదువుతున్నారు. అది కార్తీకమాసం, అమ్మ ప్రతిరోజూ తెల్లవారుజామున తలస్నానం చేస్తుంది. ఆయన గొంతు వినబడగానే అయిదయిందనుకుని, గోడ పట్టుకుని పెరట్లోకి నడిచి, తొట్టిలోని చన్నీళ్ళు తలమీద పోసుకుంటున్నది. తుపానుగాలి ఇంకా పూర్తిగా అణగలేదు. మా ఆవిడ పరుగున వచ్చి దుప్పటి కప్పింది.

"ఎందుకే ఈ హడావుడి? కాఫీనీళ్ళు పడెయ్యి" అంది అమ్మ.

అయిదు కాలేదనీ, ఒకటిన్నర దాటిందనీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ నాన్న ఎప్పుడూ వేళ తప్పలేదురా" అంది. అంతే. మూడు రోజులు జ్వరం, గుండెల్లో కఫం. డాక్టరుగారు ఈ వయసులో ఇదేమి స్నానమండీ అని నన్ను కేకలేశారు. నాలుగోనాడు కాస్త తేరుకుని, "ఆ పెట్టె తీసెయ్యి నాయనా" అంది. తీసెయ్యమన్నది పెట్టెను గాని, నాకు మాత్రం ఆయన్ని రెండోసారి ఇంట్లోంచి పంపేస్తున్నట్టు అనిపించింది. నాలుగు రోజులు గడువు అడిగాను.

మేనల్లుడికి ఫోను చేస్తే అసలు సంగతి బయటపడింది. ఆ బోర్డులో గడియారం లేదట! ధర తగ్గించడానికి పెట్టలేదట. మన బల్లమీది కంప్యూటర్లలో చిన్న బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయినా అది వేళను లెక్కపెడుతూనే ఉంటుంది. ఈ బోర్డుకు ఆ భాగ్యం లేదు. లేచిన వెంటనే ఇంటర్నెట్టును వేళ అడుగుతుంది. అడగడానికి ఎవరూ దొరక్కపోతే, గంటకొకసారి తాను కార్డు మీద రాసిపెట్టుకున్న వేళను చూసి, అక్కడినుంచే లెక్క సాగిస్తుంది. ఆ తెల్లవారుజామున చివరిసారి రాసుకున్నది మూడుంబావు. రాత్రి పదకొండుముప్పావుకు ప్రాణం వచ్చి కళ్ళు తెరిచి, ఇంకా మూడుంబావే అనుకున్నది. అక్కడికి గంటాముప్పావుకు దాని లెక్కలో అయిదు, మన లెక్కలో ఒకటిన్నర. మూడేళ్ళూ వేళ చెప్పింది ఇంటర్నెట్టు. పేరు మాత్రం పెట్టెది. (2023లోనే వచ్చిన అయిదో తరం బోర్డులో గడియారం పెట్టారు. బ్యాటరీ మాత్రం మనమే కొనుక్కోవాలి.)

"అయితే గడియారం కొని తగిలిద్దాం" అన్నాను. డీఎస్3231 అనే చిప్పు ఉన్న చిన్న ముక్క తెప్పించాను. ఏడాదికి నిమిషానికి మించి తేడా రానివ్వదు. మా కళాశాల గంట కన్నా నయం. నాలుగు తీగలు: ఒకటి కరెంటు, ఒకటి భూమి, రెండు మాటలకు. కరెంటు తీగ అయిదు వోల్టుల ముల్లుకు కాదు, 3.3 వోల్టుల ముల్లుకే తగిలించమని మేనల్లుడు పదిసార్లు చెప్పాడు. ఎక్కువ ఇస్తే బోర్డు ముళ్ళు కాలతాయి. ఆ ముక్క మీదున్న ఏర్పాటు మామూలు బిళ్ళ బ్యాటరీని కూడా ఛార్జి చేయబోయి పాడుచేస్తుంది.

తగిలించి తెర మీద చూస్తే గడియారం జాడ లేదు. చిట్టాలో మాత్రం ఇంకో ఫిర్యాదు ఉంది: వోల్టేజి చాలడం లేదట. 4.63 వోల్టుల కన్నా దిగితే ఆ బోర్డు అలా గోలపెడుతుంది. నేను వాడుతున్నది పాత ఫోను ఛార్జరు, బారెడు సన్న తీగ. అదే జబ్బనుకుని ఒక రోజంతా దాని వెంట పడ్డాను. మంచి ఛార్జరు తెచ్చాక ఫిర్యాదు పోయింది, గడియారం మాత్రం రాలేదు.

తరువాత బయటపడింది నా కంటి దోషం. మాటల తీగలు రెండింటినీ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టాను. ఆ ముక్క మీద అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి. మార్చి, బోర్డు చేత పేర్లు పిలిపించాను. ఆ రెండు తీగల మీద ఉన్నవాళ్ళందరికీ ఒక్కో నెంబరు ఉంటుంది. బోర్డు వరసగా నెంబర్లు పిలుస్తుంది, ఉన్నవాడు పలుకుతాడు. 68 అనగానే పలికింది! సంతోషంతో మా ఆవిడను పిలిచి చూపించాను. "68 అంటే టైమా?" అంది. కాదన్నాను. "మరి సంతోషం దేనికి?" అంది.

ఆవిడ అన్నదే నిజం. పలికింది గాని, కెర్నెల్ దాన్ని గడియారమని గుర్తించలేదు. ఇక్కడే నాకు రెండు రోజులు పట్టింది. యూఎస్‌బీ తీగకు తగిలించే వస్తువులు పెళ్ళికి వచ్చిన చుట్టాల వంటివి. గడప దాటగానే "నేను ఫలానా ఊరు ఫలానావారి అబ్బాయిని" అని తామే చెప్పుకుంటాయి. ఈ రెండు తీగల మీది వస్తువులు అలా కాదు. పిలిస్తే "ఊఁ" అంటాయి. ఎవరు నువ్వంటే చెప్పవు. పైగా అదే 68 నెంబరు కదలికలను కొలిచే మరో చిప్పుకు కూడా ఉంది. కెర్నెల్ ఏమని ఊహిస్తుంది? ఊహించి తప్పు మాట రాస్తే లోపల ఏమి చెడుతుందో! అందుకని ఎవరో పెద్దమనిషి వచ్చి "వీరు గడియారం గారు" అని పరిచయం చేసేదాకా అది పట్టించుకోదు.

ఆ పరిచయపత్రానికి డివైస్ ట్రీ అని పేరు. పరికరాల వంశవృక్షమన్న మాట. ఒకప్పుడు ఇటువంటి ఒక్కొక్క బోర్డు సంగతీ కెర్నెల్ లోపలే రాసేవారు. బోర్డులు పుట్టలు పుట్టలుగా పెరిగిపోయి ఆ రాత గందరగోళమయింది. 1991లో లైనక్సును మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 2011 మార్చిలో దీని మీద మొహమాటం లేకుండా విసుక్కున్నాడు. ఆ తరువాత బోర్డు వివరాలను కెర్నెల్ బయట వంశవృక్షంగా రాసి అందించే పద్ధతి స్థిరపడింది. మనం కొత్తగా ఒక ముక్క తగిలిస్తే, ఆ వృక్షానికి చిన్న కొమ్మ అంటు కట్టాలి. చేయవలసిందల్లా కాన్ఫిగ్ అనే ఫైలులో ఒక్క పంక్తి చేర్చడం.

చేర్చాను. బోర్డు ఆపి లేపాను. ఫలితం సున్న. అక్షరం అక్షరం పోల్చి చూశాను, తప్పు లేదు. రాత్రి పన్నెండింటికి ఫోను చేస్తే మేనల్లుడు నిద్రమత్తులో, "ఏ ఫైల్లో రాశావు మావయ్యా?" అన్నాడు. పాత పాఠం చూసి, బూట్ అనే అరలో ఉన్న ఫైలు చివర ఒకే ఆజ్ఞతో అతికించానన్నాను. "ఒకసారి ఆ ఫైలు తెరిచి మొదటి పంక్తి చదువు."

తెరిచాను. "ఈ ఫైలును దిద్దవద్దు. మీరు వెతికే ఫైలు వేరే చోటికి మారింది" అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఉంది. అంతకు నెల ముందే నేను 2023 అక్టోబరులో వచ్చిన కొత్త కూర్పు ఎక్కించుకున్నాను. అందులో ఆ ఫైలు ఫర్మ్‌వేర్ అనే లోపలి అరలోకి మారింది. నేను చివర అతికించానే గాని మొదలు చూడలేదు. ప్రశ్న చదవకుండా జవాబు రాస్తారని ఇరవయ్యేళ్ళుగా పిల్లలను తిడుతున్న నోరు నాది. ఈ సంగతి మా కళాశాలలో ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

సరైన ఫైలులో రాసి లేపితే, 68 ఉండవలసిన చోట "యూయూ" అని రెండక్షరాలు కనిపించాయి. కెర్నెల్ దాన్ని తన వశం చేసుకుందని దాని అర్థం. అయినా నా అనుమానం తీరలేదు. డ్రైవరు పేరు చూస్తే డీఎస్1307 అని ఉంది. నేను కొన్నది 3231 గదా! "తప్పు కాదు మావయ్యా, 1307 పాత చిప్పు. దానికి రాసిన డ్రైవరే దాని తరువాతివాటిని కూడా చూసుకుంటుంది" అన్నాడు. మనుమడికి తాత పేరు పెట్టుకున్నట్టు. ఇక చివరి పని, గడియారం కొత్తది గనుక ఒకసారి సరైన వేళ పెట్టడం. పెట్టాను.

పరీక్ష చేయకుండా అమ్మ మంచం దగ్గర పెట్టే ధైర్యం లేదు. బోర్డును ముందు గదిలో ఉంచి, ఇంటర్నెట్ ఆపేసి, సాయంత్రం ఆరింటికి తీగ లాగేశాను. రాత్రి రెండింటికి లేచి మళ్ళీ తగిలించి, చీకట్లో దాని ముందు కూర్చున్నాను. మూడయింది, నాలుగయింది. చేతిగడియారం అయిదు చూపేసరికి లోపల ఒక దగ్గు వినిపించింది. పద్యం మొదలుపెట్టేముందు నాన్నగారు దగ్గే దగ్గు. కాసెట్టులో అది కూడా పడింది.

లోపలి గదిలోంచి అమ్మ, "వేళ ఎంతరా?" అంది.

"అయిదమ్మా."

"గుడి మైకు ఇంకా పెట్టలేదే!"

అయిదు నిమిషాలకు గుడిలో మైకు గరగరమంది. అప్పుడు లేచి కూర్చుంది.

పెట్టెను మళ్ళీ ఆవిడ మంచం పక్కకు చేర్చాం. ఆ గడియారం ఇంతవరకు తప్పలేదు. అయినా నాన్నగారి గొంతు వినబడ్డాక కూడా, గుడి మైకు వినబడేదాకా అమ్మ పెరట్లోకి అడుగు పెట్టదు. అడిగితే, "మీ నాన్న మీద నమ్మకం లేక కాదురా, నీ మీద" అంటుంది.