యంత్రపురుషుల ఆట - ఇంటి మాట

తెలుగుసీమకు వెలుపల స్థిరపడిన కుటుంబములలో మాతృభాష నిలుచు చోటులు మూడు: వంటయిల్లు, పూజాగృహము, పిల్లల ఆట. మొదటి రెండింటిని పెద్దలము ఎట్లో కాపాడుకొనుచున్నాము. మూడవది చేయి జారుచున్నది. మా దేవనహళ్ళిలో పిల్లలు వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు మాటలాడుదురు. అందు తప్పేమియు లేదు. కన్నడము మనకు అన్నము పెట్టిన నేలభాష. కాని ఇల్లు చేరిన పిదప చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, ఏ ఊరివాడో తెలియని వానితో ఫోనులో ఆడుచు కూర్చున్నచో తెలుగునకు చోటెక్కడిది?

ఈ విషయమున మాకు ధైర్యమిచ్చినది మరియొక వీడియో గేమే యన్నచో చదువరులు నవ్వవచ్చును. దాని పేరు కస్టమ్ రోబో. జపానులో నాయిస్ అను సంస్థ నిర్మింపగా నింటెండో కంపెనీ 1999లో దీనిని మొదట వెలువరించెను. గేమ్‌క్యూబ్ అను పెట్టెకై 2004లో వచ్చినది అమెరికాలో గూడ అమ్ముడుపోయెను. అక్కడి బంధువులు తెచ్చిన పాతపెట్టె మా యింట నున్నది. ఆ దేశపు కరెంటు 120 వోల్టులు, మనది 230; కావున నడుమ ఒక ట్రాన్స్‌ఫార్మరు పెట్టవలసి వచ్చెను.

ఆటయందు ప్రతివాడును ముందుగా తన యంత్రపురుషుని కూర్చుకొనవలెను. శరీరము, తుపాకి, బాంబు, పాడ్, కాళ్లు అని భాగములైదు. తుపాకులలో కొన్ని తిన్నగా కాల్చును, కొన్నింటి గుండ్లు శత్రువును వెదకికొని పోవును. బాంబు గోడపైనుండి దాటి పడును. పాడ్ అనునది నేలపై ప్రాకిపోయి ప్రేలునట్టి చిన్న యంత్రము. కాళ్లనుబట్టి పరుగును, ఎగురుటయు మారును. ఓడినవాడు అదృష్టమును నిందింపక, "నా కూర్పులో లోపమెక్కడ?" అని మరల విప్పి చూచుకొనవలెను.

ఈ కూర్పు మనకు క్రొత్త కాదు. అనంతపురసీమలోని నిమ్మలకుంట తోలుబొమ్మలవారు తల, చేతులు, కాళ్లు వేరువేరుగా కోసి, కీళ్లకడ దారముతో కట్టి, తెరవెనుక ఆడింతురు. ఆ బొమ్మకు ప్రాణము ఆడించువాని చేతిలో నున్నది. ఈ బొమ్మకును అంతే. రోబో అను మాటయే చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన నాటకమునుండి వచ్చినది. దాని మూలమైన రొబొటా అను పదమునకు మన తెలుగులో సరియైన మాట వెట్టి. యజమాని చెప్పినట్లు వెట్టిచేయు బొమ్మ యన్నమాట.

అయితే అసలు విశేషము వేరు. ఒకే తెరపై నలుగురివరకు ఆడవచ్చును. అందఱును ఒక్క గదిలో, ఒక్క చాపమీద కూర్చుండవలెను. పులిజూదము, అష్టాచెమ్మలవలె ఎదుటివాని ముఖము చూచుచు ఆడు ఆట ఇది. తొందరలో నోటికి వచ్చునది ఇంటిభాషయే. "అన్నా, నీ వెనకే ఎలుక వస్తాండాది, ఎగురు!" అని మా మనుమరాలు కేకవేయును. నేలపై ప్రాకు ఆ పాడునకు వారు పెట్టుకొన్న పేరు ఎలుక. ప్రక్కయింటి కన్నడపు బాలుడు మొదట "ఇలి" యనెను. ఇప్పుడు వాడు ఎలుక యనును, మా పిల్లలు ఇలి యందురు. మేము గోడకానుకొని కూర్చుండి, ఎవరి కాళ్లు బరువో, ఎవరి తుపాకి వ్యర్థమో తీర్పు చెప్పుచుందుము. ఫోను ఆటలో తాతకు ఇట్టి పీట ఎవరు వేయుదురు?

కాల్పుల ఆట పిల్లల మనస్సు చెఱుచునని మిత్రులు కొందఱు అందురు. ఆ భయము త్రోసివేయదగినది కాదు. మా ఊరు టిప్పు సుల్తాను జన్మస్థలము. ఇనుపగొట్టములతో చేసిన మైసూరు రాకెట్లు 18వ శతాబ్దమున ఈస్టిండియా కంపెనీ సేనలపై పడినవి. అవి కూల్చినది మనుష్యులను; ఇచ్చట కూలునది విప్పి మరల కూర్చుకొను యంత్రము. ఈ భేదమును ప్రక్కన కూర్చున్న పెద్దవాడు చెప్పవలెను. అందుకైనను ప్రక్కన కూర్చుండుట అవసరము. ఆటకు గంట కట్టడి చేయుటయు మనచేతిలోనిదే.

ఈ పెట్టె అక్షరములు నేర్పదు. వ్రాతయు, చదువును నేర్పుట మనపని. అందుకు మన సంఘపు పెద్దలును, ప్రతి గృహస్థుడును పూనుకొనవలెను. నాలుకపై లేని భాషకు పలకపై అక్షరములు దిద్దించినను నిలువవు. కనుక పిల్లలకు ఆట కొనదలచినవారు, అది ఎంత క్రొత్తది, ఎంత ఖరీదైనది అని మాత్రమే విచారింపక, ఎందఱు కలిసి కూర్చుండి ఆడవచ్చునో గూడ అడుగుదురుగాక. దుకాణమువాడు "ఒక్కరే" యన్నచో, పులిజూదపు గళ్లు గీయుటకు ఇంట సుద్దముక్క యున్నదని మఱవకుందురుగాక.