నెయ్యి చెంచా లెక్క

మన ఇళ్ళల్లో ప్రేమకి కొలత నెయ్యి. "ఇంకాస్త వేసుకో నాయనా" అనే మాట పూర్తికాకముందే చెంచా విస్తట్లోకి వంగుతుంది. అలాంటి ఇంట్లో, కొడుక్కి నెయ్యి పోయొద్దని అత్తగారికి చెప్పాల్సిన కోడలి పాట్లు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పాలా?

మావారికి స్కూటరు ప్రమాదంలో పొట్టకి గట్టి దెబ్బ తగిలింది. చిన్నపేగు చివరి భాగానికి రక్తం తెచ్చే నాళాలు తెగిపోవడంతో, ఆపరేషన్ చేసి నాలుగడుగుల పేగు తీసేశారు. "మొత్తం ఇరవై అడుగుల దాకా ఉంటుందటగా, నాలుగు పోతేనేం!" అని చుట్టాలు ధైర్యం చెప్పి, కాఫీలు తాగి వెళ్ళారు.

కానీ ఎంత పోయిందన్న దానికంటే ఏ చివర పోయిందన్నదే ముఖ్యమట. కుట్లు మానిపోయాయి గానీ మనిషి చిక్కిపోసాగారు. తిన్న కొవ్వంతా జిడ్డు విరేచనాలై పోయేది. 68 కిలోల మనిషి 54కి దిగారు. "బిడ్డ ఎండిపోతుంటే నెయ్యి దగ్గరా పిసినారితనం?" అంటూ అత్తగారు తనే గిన్నె అందుకునేవారు. ఆవిడ ఎంత పోస్తే అంతా పోయేది.

డాక్టరమ్మగారు విడమరిచి చెప్పింది నాకు కుంకుడుకాయల భాషలో అర్థమయింది. తలకి పట్టించిన నూనెని కుంకుడురసం విడగొట్టినట్టు, కడుపులోని కొవ్వుని పైత్యరసం సన్నటి బిందువులుగా విడగొడుతుంది. అప్పుడే క్లోమం నుంచి వచ్చే ఎంజైములు దాన్ని అరిగిస్తాయి, పేగు పీల్చుకుంటుంది. మన ఒళ్ళు మహా పొదుపరి సుమండీ! వాడిన పైత్యలవణాల్లో నూటికి 95 వంతులు చిన్నపేగు చివర మళ్ళీ పట్టి కాలేయానికి పంపేస్తుంది. అవే రోజుకి చాలాసార్లు తిరుగుతాయి. సరిగ్గా ఆ పట్టుకునే చివరే మావారికి పోయింది. కాలేయం ఎంత కొత్తది తయారుచేసినా ఆ నష్టం పూర్తిగా పూడదు. బి12 విటమిను దిగేదీ అక్కడే కనక, దానికి ఇంజక్షన్లు జీవితాంతం తప్పవు. కొవ్వుతోపాటే ఒంటికి పట్టే ఎ, డి, ఇ, కె విటమిన్లకి మాత్రలు. పాలకూర బంద్. కొవ్వు ఒంటబట్టని వాళ్ళకి దానివల్ల మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చే భయం ఉందట.

నెయ్యి స్థానంలో ఎం.సి.టి. నూనె వచ్చింది. ఆ రకం కొవ్వుకి పైత్యరసంతో పెద్దగా పనిలేదు, పేగులోంచి నేరుగా రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది. "కొబ్బరినూనె పోస్తే పోలా, రెండూ ఒకటేగా!" అన్నారు పక్కింటి పిన్నిగారు. ఒకటి కాదు. కొబ్బరినూనెలో ఆ రకం కొవ్వు కొద్దిగానే ఉంటుంది. ఈ నూనె పోపుకి పనికిరాదు, దింపిన పప్పులో చెంచాడు కలపాలి. అదొక్కటే సరిపోదు కూడా. ఒంటికి తప్పనిసరి అయిన కొన్ని కొవ్వులు అందులో లేవు కనక మామూలు నూనె కూడా కాస్త ఉండాల్సిందే. ఇదంతా మావారికి రాసిచ్చిన లెక్క. పేగు ఎంత పోయింది, ఎక్కడ పోయింది అన్నదాన్ని బట్టి మనిషి మనిషికీ మారుతుంది.

ఇన్ని చెప్పినా అత్తగారి మనసు కరగలేదు. చివరికి ఆవిడే ఆస్పత్రికి వచ్చి నిలదీశారు. డాక్టరమ్మగారు నవ్వి, "పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తగా పుడుతుందండీ. మిగిలిన పేగు ఎక్కువ పని నేర్చుకోవాలంటే మాత్రం ఏడాదో, రెండేళ్ళో పడుతుంది" అన్నారు.

"అంటే పసిపేగన్నమాట! ముందే ఆ ముక్క చెప్పొచ్చుగా" అన్నారు అత్తగారు.

ఇంటికి రాగానే అటక మీంచి ఉగ్గుగిన్నె దిగింది. రోజుకి మూడుసార్ల భోజనం ఆరు చిన్న భోజనాలయింది. కొన్ని నెలలకి నెయ్యి అరచెంచాతో మళ్ళీ మొదలయింది. విరేచనం జిడ్డుగా కనిపిస్తే ఒక మెట్టు దిగడం, కుదురుగా ఉంటే వారాలు ఆగి ఒక మెట్టు ఎక్కడం. ఈ లెక్కంతా అత్తగారిదే. పసివాడికి అన్నప్రాశన చేసినంత ఓపిగ్గా చేశారు.

ఇప్పుడు మావారు 62 కిలోలు. మొన్న సంక్రాంతికి రెండు చెంచాల నెయ్యితో పొంగలి తిన్నారు. మర్నాడు పొద్దున్న ఇంటిల్లిపాదీ కాఫీలు ముట్టకుండా ఎదురుచూశాం. ఆయన వచ్చి, సిగ్గుపడుతూ, "బాగానే ఉంది" అన్నారు. అత్తగారు కళ్ళు తుడుచుకుని, కేలెండరులో ఆ తేదీ పక్కన రెండు గీతలు గీశారు.