ఫీజు ఒక్కటే కాదు

ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో ఆడపిల్ల ఇంటర్ దాటితే ఇంట్లో వేసే లెక్క ఫీజు గురించే కాదు. హాస్టల్‌కెంత, బస్సుకెంత, పిల్ల చదువుకు పోతే సుగ్గి వలసకు ఓ మనిషి తక్కువ కదా అని. వానలు మొహం చాటేసిన ఏడాది మిరప కోతలకు గుంటూరు దారి పట్టే ఇళ్లవి.

వైఎస్ హయాంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ లెక్కలో పెద్ద బరువే దించింది. 2008లో ఇడుపులపాయకు ట్రిపుల్ ఐటీ వచ్చాక పదో తరగతితోనే సీటు దొరికే దారీ పడింది. కానీ ఫీజు కాలేజీకి పోతుంది. మెస్సు, పుస్తకాల ఖర్చు చాలావరకు ఇంటి మీదే.

అందుకే పిల్ల ఖాతాలో పడే డబ్బు ముఖ్యం. ఎనిమిదో తరగతిలో కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్‌ఎంఎంఎస్ రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు. ఇంజనీరింగ్, డిప్లొమా అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు. ఇంటి ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఇంటికి ఇద్దరి దాకా ఇస్తారు.

చిక్కంతా కాగితాల్లోనే. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, టెన్త్ మెమోలో ఇంకోలా ఉంటే అప్లికేషన్ అక్కడే ఆగుతుంది. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే కాలేజీలో సర్టిఫికెట్లు ఆగుతాయి. పెళ్లి సంబంధాలు మాత్రం ఆగవు.

మీ వీధిలో ఎనిమిదో తరగతి పిల్ల ఉంటే ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకేలా ఉండేలా ఈ వారమే సరిచేయించండి.