సరస్సులో చేపలెన్ని?

కంటికి కనబడనిదానిని లెక్కపెట్టుట యెట్లు? బడిలోని పిల్లలను హాజరుపట్టీ చూచి లెక్కింపవచ్చును. మందలోని గొఱ్ఱెలను దొడ్డివాకిట నిలిచి లెక్కింపవచ్చును. చెట్టుమీది మామిడికాయలను సయితము కాపు చూచి ఉజ్జాయింపుగా చెప్పగల వ్యాపారులు గలరు. చేపల విషయమున మాత్రము జనులు రెండే మాటలు పలుకుదురు. గాలమునకు పడిననాడు "కావలసినన్ని యున్నవి" అందురు; పడనినాడు "ఒక్కటియు లేదు" అందురు. ఈ రెంటిలో ఏదియు లెక్క కాదు. లెక్క లేనిచోట అనుమానము ప్రవేశించును. అనుమానము ప్రవేశించినచోట ఎవరో యొకరు నింద మోయవలసి వచ్చును. నీలగిరులలోని యొక చిన్న సరస్సునందు నేను చూచిన సంగతిని చెప్పి, యీ విషయమును మన విద్యార్థులకు విశదపఱుప దలచితిని.

ఆ సరస్సులోని చేప మన చెరువుల చేప కాదు. మనము బొచ్చెను, శీలావతిని, కొరమేనును ఎఱుగుదుము. అవి వేసవి యెండకు కాగిన నీటిలోను సుఖముగా బ్రదుకును. ట్రౌటు అనునది చలినీటి చేప. నీరు 10 మొదలు 16 డిగ్రీల వఱకు చల్లగా నున్నచో దానికి హాయి. 25 డిగ్రీలకు చేరినచో ప్రాణాపాయము. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గిపోవుటయే యిందుకు ముఖ్యకారణము. 10 డిగ్రీల నీరు లీటరు ఒకటికి సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగలదు. 25 డిగ్రీల నీరు 8 మిల్లీగ్రాములకు కొంచెము మించి ఇముడ్చుకొనజాలదు. కావున కృష్ణా గోదావరీ తీరములందు ట్రౌటును పెంపదలచుట వట్టి మాట.

రెయిన్‌బో ట్రౌటు జన్మస్థానము ఉత్తర అమెరికా పడమటి తీరమును, దాని కెదురుగా నున్న కంచట్కా ప్రాంతమును. దాని ప్రక్కలందు గులాబి వన్నె చాఱ యొకటి మెఱయుచుండును. ఇట్టి చలినీటి చేపలను దూరదేశములకు కొనిపోవుట పూర్వము మిక్కిలి కష్టముగా నుండెను. 1864లో బ్రౌన్ ట్రౌటు గ్రుడ్లను తడినాచులో పొదిగి, మంచుగడ్డల నడుమ నుంచి, ఇంగ్లండునుండి ఓడమీద సుమారు మూడు నెలల ప్రయాణముచేయించి ఆస్ట్రేలియాకును అచ్చటినుండి టాస్మేనియాకును చేర్చిరి. భారతదేశపు మత్స్యములనుగూర్చి గొప్ప గ్రంథము రచించిన ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు 1860ల నాడే నీలగిరులకు ట్రౌటును తెప్పింప ప్రయత్నించెనుగాని అది ఫలింపలేదు. తరువాత 20వ శతాబ్దపు తొలి దశాబ్దిలో హెచ్. సి. విల్సన్ అనునాతని కృషివలన రెయిన్‌బో ట్రౌటు ఆ కొండలలో స్థిరపడినది. అవలాంచి యనుచోట పెంపకశాలయు వెలసినది. అప్పుడు మన తెలుగు జిల్లాలలో పెక్కులును, నీలగిరులును ఒకే మద్రాసు రాజధానిలోనివని జ్ఞాపకముంచుకొనవలెను.

నేను చెప్పబోవు సరస్సు తేయాకు తోటవారిది, అయిదారెకరములకు మించదు. దానికి ఊటనీరును, బురదనేలమీదుగా వచ్చు సన్నని కాలువయునే ఆధారము. ట్రౌటు గ్రుడ్లు పెట్టుటకు గులకఱాళ్లమీద పాఱు స్వచ్ఛమైన నీరు కావలెను. ఆడుచేప ఆ ఱాళ్లలో తోకతో గుంటచేసి గ్రుడ్లు పెట్టి, వానిపై మరల గులకఱాళ్లు కప్పును. గ్రుడ్లు 10 డిగ్రీల చలినీటిలో సుమారు నెలదినములకు పిల్లలగును. ఆ సరస్సునకు అట్టి వాగు లేదు. అందుచేత అందలి ప్రతి చేపయు మనుష్యుడు తెచ్చి పోసినదే; చచ్చిన చేపకు బదులు తనంతట మఱియొకటి పుట్టదు. గాలము వేయువారు ఈ సంగతిని మొట్టమొదట గ్రహింపవలెను.

సరస్సునకు కాపరిగా నున్న పెద్దాయన కోయంబత్తూరు ప్రాంతమునందలి తెలుగు కుటుంబమువాడు. ఇంటిలో తెలుగు మాటలాడుకొందురు. ఇరువది సంవత్సరములకు పైగా ఆ గట్టుమీదనే కాలము గడపినవాడు. పట్టిన ప్రతి చేపయొక్క పొడవును బరువును ఒక పుస్తకములో వ్రాసియుంచుట ఆయనకు అలవాటు. 2023 మే నెలలో మా విద్యార్థులు నలుగురితో నేనక్కడికి వెళ్లినప్పుడు ఆయన మొగము చిన్నబోయి యుండెను. విడిదికి వచ్చిన అతిథులకు రెండేండ్లుగా పెద్ద చేప యొకటియు పడుటలేదట. "ఏటేట పిల్లలను వేలుగా పోయించుచుండగా చేపలేమైనవి? రాత్రులందు వల వేసి అమ్ముకొనుచున్నారు" అని కొందఱు తోటవారితో చెప్పిరి. ఆ వేసవి కడచినపిమ్మట పని మానిపింతుమని తోటవారును అనిరట.

"అయ్యా, నేను దొంగిలించలేదని నోటితో చెప్పగలను. దొంగిలించలేదని చూపడం ఎట్లాగ?" అని ఆయన నన్నడిగెను.

ఈ ప్రశ్నకు జవాబు త్రైరాశికములో నున్నది. డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు పీటర్సన్ 1896లో ప్రకటించిన చేపల పరిశోధనవలన ఈ పద్ధతికి ఆయన పేరు వచ్చినది. దీనిని మా తరగతిలో నేను చింతగింజలతో చూపుచుందును. ఒక కుండెడు గింజలలోనుండి 50 గింజలు తీసి సున్నపు చుక్క పెట్టి, మరల కుండలో పోసి, బాగుగా కలియబెట్టవలెను. తరువాత కన్నులు మూసికొని 40 గింజలు తీయవలెను. వానిలో చుక్క గింజలు 5 ఉన్నచో, తీసినవానిలో ఎనిమిదింట నొకటి చుక్కది. కావున కుండలోను ఎనిమిదింట నొకటి చుక్కది కావలెను. చుక్క గింజలు 50 గనుక మొత్తము 400. పిమ్మట కుండ బోర్లించి ఒక్కొక్కటియే లెక్కించినచో జవాబు సరిగా 400 రాకపోవచ్చునుగాని దగ్గఱగా వచ్చును. అది చూచినప్పుడు పిల్లల మొగములలో కలుగు వికాసము ఉపాధ్యాయునకు పెద్ద బహుమానము.

మేనేజరుగారి అనుమతితో మేమట్లే చేసితిమి. తెల్లవారుజామున నీరు చల్లగా నున్నప్పుడు మెల్లగా వల లాగి, జానెడు దాటిన చేపలను మాత్రము ఎంచి, వీపురెక్కకును తోకకును నడుమ నుండు చిన్న కొవ్వురెక్క కొనను కత్తిరించి, తడిచేతులతో నీట విడిచితిమి. అట్లు గుర్తుపెట్టినవి 80. వారము దినములు గడచినపిమ్మట మరల వల లాగగా పడినవి 90. వానిలో గుర్తుగలవి 12. ఎనుబదిని తొంబదిచే గుణించి పండ్రెండుచే భాగింపగా 600 వచ్చినది. గుర్తు చెఱిగిపోరాదు, గుర్తుపెట్టిన చేపలు తక్కినవానితో బాగుగా కలిసియుండవలెను, నడుమ ఎక్కువ చేపలు చావరాదు అను నియమములు పాటించిననే యీ లెక్క నమ్మదగినదని పిల్లలకు ముందుగనే చెప్పితిని. ఆఱువందలు అన్నది అయిదువందలో ఏడువందలో కావచ్చును. సరస్సు దోపిడి కాలేదనుటకు మాత్రము అది చాలును. అంత చిన్న నీటిలో అన్ని చేపలున్నవని అతిథులెవ్వరును అనుకొనలేదు.

అయినచో పెద్ద చేపలేమైనవి? దీనికి జవాబు పెద్దాయన పుస్తకములోనే యుండెను. 2019లో 30 సెంటీమీటర్ల చేప సుమారు 300 గ్రాములు తూగెను. 2023లో అంతే పొడవుగల చేప 220 గ్రాములకు మించలేదు. తల పెద్దది, కడుపు పలుచన. 2021 మొదలుకొని అతిథుల కోరికపై ఏటేట పోయు పిల్లల సంఖ్యను 400 నుండి 1,000కి పెంచినట్లు అదే పుస్తకములో నున్నది. సరస్సు మాత్రము పెరుగలేదు. ట్రౌటు తిను నీటిపురుగులు, నత్తలు, తలకప్పలు, గాలికి నీట పడు చీమలు ఇవి యేవియు పెరుగలేదు. ఒత్తుగా నాటిన మడిలో పైరు సన్నగిలి, కంకి తేలిపోవునని మన రైతులందఱు ఎఱిగినదే. అట్లే ఒకే మేతను ఎక్కువ నోళ్లు పంచుకొన్నందున ఒక్కటియు ఎదుగలేదు. నీటిలోని చేపల మొత్తపు బరువును నిర్ణయించునది మేత; మనము పోసిన పిల్లల సంఖ్య కాదు.

ఈ లెక్కను పుస్తకముతోగూడ మేనేజరుగారి ముందుంచగా ఆయన న్యాయబుద్ధితో విని, పెద్దాయనను పిలిపించి, "మీరు వ్రాసిన పుస్తకమే మిమ్ము కాపాడినది" అనెను. పెద్దాయన నమస్కరించి ఏమియు మాటలాడలేదు. బయటికి వచ్చినపిమ్మట తలపాగ చెఱగుతో కన్నులు తుడుచుకొనెను. ఆ యేడును, మఱుసటి యేడును పిల్లలను పోయుట మానివేసిరి. చిన్న చేపలను పట్టుకొనిపోవుటకు అతిథులకు అనుమతి యిచ్చిరి. 2025 మే నెలలో నేను చూచునప్పటికి చేపల సంఖ్య తగ్గియుండెనుగాని 30 సెంటీమీటర్ల చేప మరల 300 గ్రాములు తూగుచుండెను. 40 సెంటీమీటర్లది యొకటి తూచగా 700 గ్రాములుండెను. పొడవు మూడింట నొకవంతు పెరిగినచో బరువు రెండింతలకు పైగా పెరుగునేమి అని పిల్లలడుగుదురు. చేప పొడవునందే గాక వెడల్పునందును మందమునందును పెరుగును. కావున నాలుగింటిని మూడింటిచే భాగించి వచ్చినదానిని ఘనము చేసి చూడుడు.

ఇక గాలము వేయు కోరికగలవారికి రెండు మాటలు. మధ్యాహ్నపు టెండలో ట్రౌటు లోతునకు దిగిపోవును. ఉదయ సాయంకాలములును, మబ్బు పట్టిన దినములును అనుకూలములు. పట్టి విడువదలచినవారు ముల్లు లేని కొక్కెమును వాడి, చేతులు తడిపికొని, చేపను నీటినుండి ఎత్తక విడువవలెను. పొడిచేయి తగిలినచో దాని ఒంటిమీది జిగురుపొర చెడును. నీరు 20 డిగ్రీలు దాటిన దినమున గాలమును ఇంటనే యుంచుట మంచిది. అప్పుడు అలసిన చేప, విడిచినను బ్రదుకుట కష్టము. పట్టినదానిని కొలిచి, తూచి, వ్రాసియుంచుటయు మఱువరాదు.

మేతనుగూర్చిన యీ న్యాయము మఱియొక సంగతినిగూడ బోధించును. ట్రౌటు తిన్న మేత అంతకుముందు ఎవరిదో యైయుండును. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల ఎత్తైన సరస్సులలో ఎక్కువభాగము పూర్వము చేపలు లేనివే. 19వ శతాబ్దమునుండి గాలపు వేడుకకై అందు ట్రౌటును పోయగా, పసుపుకాళ్ల కప్పలు చాలచోట్ల నశించిపోయినవి. తలకప్పలను ట్రౌటు తినివేయుటయే యిందుకొక ముఖ్యకారణము. తరువాత కొన్ని సరస్సులనుండి చేపలను వలలతో తీసివేయగా, కప్పలు మరల వృద్ధిపొందినవి. కావున క్రొత్త నీటిలో ఒక చేపను పోయుటకు ముందు, "ఇచ్చట ఇదివఱకు ఎవరు కాపురమున్నారు?" అని విచారించుట మన ధర్మము.

విద్యార్థులారా! గణితము పరీక్షకొఱకే యని మీలో కొందఱు తలంతురు. కుండలో చింతగింజలు కలియబెట్టుట ఆటవలె కనబడవచ్చును. ఆ త్రైరాశికమే యొక వృద్ధుని నిర్దోషిత్వమును నిరూపించినది. ఒకరిపై నింద వేయుటకు ముందు లెక్క చూడుడు. చాలదని మఱింత పోయుటకు ముందును లెక్క చూడుడు. మీ యూరి చెరువులో చేపలెన్ని యని ఎవరైన అడిగినచో, ఉన్నవనియు లేవనియు చెప్పక, వల యొకటియు, కాగితమొకటియు తెమ్మని చెప్పుడు.