నల్లగొర్రె ఉన్ని వెతుక్కుంటూ

నార్సింగి దగ్గర అవుటర్ సర్వీసు రోడ్డు మీద ఇప్పటికీ అప్పుడప్పుడు గొర్రెల మంద అడ్డమొస్తుంది. టవర్ల మధ్య మిగిలిన ఖాళీ ప్లాట్లే వాటికి బీళ్లు. ఆ ఉదయం కారు ఆపించిన మందలో అన్నీ పొడుగు కాళ్ల నెల్లూరు జీవాలే. ఆ జాతికి ఒంటి మీద వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు. దక్కను నల్లగొర్రె ఒక్కటీ కనిపించలేదు. నేను బయల్దేరిందేమో దాని ఉన్ని కోసం, నారాయణపేటకు.

అప్పా కూడలి దాటి బీజాపూర్ రోడ్డెక్కితే చేవెళ్ల మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేయాలా వద్దా అని ఏళ్ల తరబడి పంచాయితీ నడిచింది. పరిగి, కొడంగల్, కోస్గి మీదుగా నారాయణపేట చేరేసరికి ఎండ ముదిరింది.

ఆ ఊరి పేరు చెబితే ముందు గుర్తొచ్చేది చీరలే. గుంటమగ్గంలో కూర్చున్న నేతకారుడు నా చేతిలో రెండు పట్టు లచ్చిలు పెట్టాడు. ఒకటి గరుకుగా, ఎండుగడ్డిలా గరగరమంది. రెండోది వేళ్ల సందులోంచి జారిపోయింది. రెండూ ఒకే పట్టు. సబ్బునీళ్లలో ఉడికిస్తే బరువులో దాదాపు నాలుగో వంతు జిగురుగా పోతుంది, మెరుపు అప్పుడే బయటపడుతుంది. పురుగు రెండు మూడు రోజుల్లో తన చుట్టూ గూడు అల్లుకుంటుంది. అందులోని పోగు కిలోమీటరు దాకా తెగకుండా సాగుతుంది. పురుగు రెక్కలొచ్చి గూడు చీల్చుకుని బయటికొచ్చిందంటే పోగు ముక్కలే. అందుకని ముందే ఆవిరి పట్టి లోపలి ప్రాణం తీసేసి, గూళ్లను వేడినీళ్లలో నానబెట్టి, కొన్నింటి పోగులు కలిపి దారంగా లాగుతారు.

చంపకుండా కుదరదా? 1990 ప్రాంతంలో నాటి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ సతీమణి జానకి ఇదే అడిగారు. ఆ మాట పట్టుకుని, చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య అహింసా పట్టు తీశారు. చీలిన గూళ్ల పట్టును లాగలేం, ఉన్నిని వడికినట్టు వడకాల్సిందే. నునుపు కాస్త తగ్గుతుంది. నాకైతే ఆ గుడ్డే నచ్చుతుంది.

మధ్యాహ్నం, గొర్రెలు కాసి గొంగళ్లు నేసే కురుమల వాడకు వెళ్లాను. వీధి పొడవునా గుంజల మధ్య నల్లటి పడుగు సాగదీసి ఉంది. దానికి ఒకాయన కుంచెతో గంజి పూస్తున్నాడు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, కాచిన గంజి అది. ఉన్ని పోగు పొట్టిది, మెలితోనే నిలుస్తుంది. ఈ గంజి పట్టకపోతే మగ్గం దెబ్బకు తెగుతుంది. ఆయన పూసుకుంటూ పోతుంటే వెనకాలే ఇంకొకరు అతుక్కున్న పోగుల్ని వేళ్లతో విడదీస్తున్నారు. నగరంలో గద్దర్ భుజాన చూసిన గొంగడి వెనక ఇంత చాకిరీ ఉందని నేను అనుకోలేదు.

అరుగు మీద ఒక అవ్వ రాట్నం తిప్పుతోంది. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారట.

"ఇప్పుడు ఉన్ని ఎక్కడ దొరుకుతుంది అవ్వా?"

"యాడుంది బిడ్డా! నల్లజీవం బరువెక్కదని అందరూ మటన్ జీవాలనే సాదుతున్నరు. బొచ్చు కత్తిరిచ్చినోనికి మనమే పైసలియ్యాలె. కొనెటోడు లేక పారబోస్తున్నరు."

ఆమె మాటలో అతిశయోక్తి లేదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో గొర్రెలు పంచింది గానీ, ఆ పథకం లెక్క మాంసానిదే, ఉన్నిది కాదు. ఇటువైపు చూస్తే, హైదరాబాద్ సంస్థ ఎర్తెన్ ట్యూన్స్ ఇదే గొంగడితో రైతులకు బూట్లు కుడుతోంది. ఉన్ని తడిని పీల్చుకుంటుంది, గాలి ఆడనిస్తుంది, పొలంలో నడిచే కాలికి అంతకన్నా ఏం కావాలి?

ఒక గొంగడి కొంటానన్నాను. మగ్గం మీద ఉన్నది పెండ్లిదట. కురుమల ఇంట పెండ్లి పీటల మీద కొత్త గొంగడి పరవాలి. తయారుగా వేరేదేమీ లేదు.

"బయానా ఇచ్చిపో," అంది అవ్వ. "ఉన్ని దొరికినంక ఫోన్ జేపిస్త."