పారిస్‌లో ఆవిడను చూసి రండి

పారిస్ అనగానే అందరం ఈఫిల్ టవర్ దగ్గరికే పరిగెడతాం. పిల్లల దగ్గరికనో, టూరులోనో మీరు ఆ ఊరు వెళ్తే ఒక్క పూట మిగుల్చుకోండి. సోమవారం మాత్రం వద్దు, ఆ రోజు మ్యూజియానికి సెలవు. మెట్రోలో లా ముయెట్ స్టేషన్‌లో దిగి, రానెలాగ్ తోట పక్కగా నడిస్తే మార్మొత్తాన్ మోనే మ్యూజియం వస్తుంది. ఒకప్పుడది ఇల్లే. అందుకేనేమో, చుట్టాలింటికి వెళ్లినట్టే ఉంటుంది.

బెర్త్ మోరిజో అనే చిత్రకారిణి 1885లో తన బొమ్మ తానే వేసుకున్నది అక్కడుంది. అప్పటికి ఆవిడకు 44 ఏళ్లు. "సగంలో వదిలేసినట్టుంది కదూ వదినా!" అంది నాతో వచ్చిన మా ఆడపడుచు. నిజమే, అన్నీ గబగబా కుంచె విదిలించిన గీతలే. కోటు మీద ఉన్నది పువ్వో, మరకో తెలీదు. చేతిలో రంగుల పలక ఉందని మనమే ఊహించుకోవాలి.

కాస్త వెనక్కి జరగండి. ముగ్గులు వేసే మనకు తెలియనిదేముంది? దగ్గర్నుంచి గీతలు, అరుగు మీద నుంచి చూస్తే పద్మం! పైకి ఎత్తి కట్టిన నెరుస్తున్న జుట్టు, మెడ చుట్టూ స్కార్ఫు, సూటి చూపు. నవ్వు లేదు. పనిలో ఉండగా ఎవరో పిలిస్తే తలెత్తినట్టుంది, ఎంతసేపు నిలబెడతారన్నట్టు. నాకలా అనిపించింది. మా ఆడపడుచుకు మాత్రం అలసటే కనిపించిందట.

1874 నుంచి 1886 దాకా ఇంప్రెషనిస్టులు ఎనిమిది ప్రదర్శనలు పెడితే ఈవిడ ఏడింటిలో పాల్గొన్నారు. తప్పిపోయింది 1879లో ఒక్కటే. అంతకు ముందు నవంబరులోనే కూతురు జూలీ పుట్టింది మరి!

అదే మెట్రోలో రెండో స్టేషన్ త్రొకదేరో. పక్కనే పాసీ శ్మశానం. జంకకండి, చెట్లతో తోటలా ఉంటుంది. 1895లో పోయిన బెర్త్ సమాధి అక్కడే, భర్తతోనూ, బావగారైన ప్రసిద్ధ చిత్రకారుడు ఎదువార్ మానేతోనూ కలిపి. రాతి మీద ఆవిడ పేరు, ఫలానా వారి వితంతువు అన్న మాట ఉన్నాయి, అంతే. మరణ పత్రంలో వృత్తి దగ్గర "ఏమీ లేదు" అని రాశారట. దరఖాస్తుల్లో ఆ గడి నింపేటప్పుడు మనం ఎన్నిసార్లు ఆగలేదు చెప్పండి!

మేము వరస తప్పాం. మీరు ముందు పాసీ చూసుకుని, తర్వాత మ్యూజియానికి వెళ్లండి. ఆ నాలుగు గీతల రంగుల పలక దగ్గర ఇంకాసేపు నిలబడతారు.